600 డాలర్ల లేబుల్

1980 నవంబరులో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో టీన్ ఐడిల్స్ అనే పంక్ బ్యాండు విడిపోయింది. అందులో ఉన్నది నలుగురు కుర్రాళ్లు. ఏడాది పైచిలుకు చిన్నాచితకా కచేరీలు చేసి, వచ్చిన డబ్బు ఎవరూ జేబులో వేసుకోకుండా ఒకచోట దాచారు. విడిపోయే నాటికి అది దాదాపు 600 డాలర్లయింది. పంచుకుంటే తలా 150. అయితే నదికి అవతల ఆర్లింగ్టన్‌లో డాన్ జియెంటారా తన ఇంటి బేస్‌మెంటులో నడిపే ఇన్నర్ ఇయర్ స్టూడియోలో అప్పటికే వాళ్లు పాటలు రికార్డు చేసి ఉన్నారు. ఆ డబ్బుతో ఎనిమిది పాటల ఏడంగుళాల రికార్డు వెయ్యి కాపీలు వేయిద్దామనుకున్నారు. రికార్డు మీద ఏదో ఒక లేబుల్ పేరు ఉండాలి కాబట్టి బ్యాండులోని ఇయన్ మెకై, జెఫ్ నెల్సన్, నేథన్ స్ట్రేచెక్ ఒక పేరు పెట్టారు: డిస్కార్డ్. అపశ్రుతి అనే అర్థమున్న ఇంగ్లిషు మాటలో స్వరసమూహం అనే అర్థమిచ్చే ‘కార్డ్’ కూడా ఇమిడేలా ఒక అక్షరం చేర్చి రాసుకున్న పేరది.

డిస్కార్డ్ రికార్డ్స్ గురించి రాసేవాళ్లు సాధారణంగా దాన్ని పెద్ద కంపెనీల మీద తిరుగుబాటుగా చెబుతారు. అది అబద్ధం కాదు గానీ, అసలు సంగతి అందులో దొరకదు. ఈ లేబుల్ అచ్చేసిన మొదటి రికార్డు అప్పటికే లేని బ్యాండుది. లేని బ్యాండుతో ఊరూరా కచేరీలు చేయించలేరు, రెండో రికార్డు తీయలేరు. వ్యాపారం చేద్దామనుకున్నవాడు ఆ సరుకు ముట్టుకోడు. మా ఊళ్లో మేం ఇలా పాడాం అనే ఆనవాలు మిగలడమే ఆ కుర్రాళ్లకు కావలసింది. ఆ తర్వాత లేబుల్ పెట్టుకున్న కట్టుబాట్లన్నీ ఈ పుట్టుకలోంచే వచ్చాయి. నలభై ఏళ్లు దాటినా అది నిలిచి ఉందంటే కారణం కూడా అక్కడే వెతకాలి.

రికార్డు కవరు తయారైన తీరు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక ఏడంగుళాల రికార్డు కవరును అతుకులు ఊడదీసి, పరిచి, దాని కొలతలు తీసుకున్నారు. ఆ కొలతల్లో అచ్చు వేయించిన కాగితాలను కత్తెరతో కత్తిరించి, మడిచి, జిగురు పూసి అంటించారు. మొదటి రోజుల్లో వేల కవర్లు ఇలా స్నేహితుల చేతుల మీదే తయారయ్యాయి. కవరు మీద బొమ్మ, నల్లసిరాతో ఇంటూ గుర్తులు వేసిన రెండు చేతులు. మద్యం తాగే వయసు రాని పిల్లలను గుర్తుపట్టడానికి శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక క్లబ్బు వేసిన గుర్తు అది. ఈ బ్యాండు దాన్ని తమ ఊరికి తెచ్చి, పిల్లలనూ కచేరీలకు రానివ్వమని 9:30 క్లబ్బును ఒప్పించింది.

వెయ్యి కాపీల మీద వచ్చింది తర్వాతి రికార్డుకు పోవాలన్నది లెక్క. ఆ డబ్బు చేతికి రాకముందే 1981లో స్టేట్ ఆఫ్ అలర్ట్ అనే బ్యాండు రికార్డు వచ్చింది. దాని ఖర్చు ఆ బ్యాండు గాయకుడే పెట్టుకున్నాడు. ఐస్‌క్రీం దుకాణంలో పనిచేసే ఆ కుర్రాడే తర్వాత హెన్రీ రోలిన్స్‌గా పేరు తెచ్చుకున్నాడు. అదే ఏడాది మెకై, నెల్సన్‌ల కొత్త బ్యాండు మైనర్ థ్రెట్ రికార్డు వచ్చింది. బ్యాండ్లతో రాతపూర్వక ఒప్పందాలు లేవు. ఖర్చులు పోను మిగిలింది పంచుకోవడమే. ఇబ్బంది వేరేచోట వచ్చింది. అచ్చు వేసేవాళ్లకు డబ్బు ముందే కట్టాలి, పంపిణీదారులేమో నెలల తరబడి బాకీ తీర్చరు. లండన్‌లో సదర్న్ స్టూడియోస్ నడిపే జాన్ లోడర్ తయారీ, పంపిణీ భారం తీసుకున్నాక ఆ చిక్కు విడిపోయింది. ఏ పాటలు వేయాలన్న నిర్ణయం మాత్రం ఆర్లింగ్టన్‌లో లేబుల్ నడిచే ఇంట్లోనే ఉండిపోయింది.

ఇంకో కట్టుబాటు ఇంతకన్నా గట్టిది. వాషింగ్టన్, ఆ చుట్టుపక్కల బ్యాండ్లవే తప్ప బయటివాళ్ల పాటలు వేయరు. ఇది సంకుచితం కాదా, ఇంకో ఊళ్లో మంచి బ్యాండు ఉంటే దాని గతేమిటి అని అడగవచ్చు. వాళ్ల ఊళ్లో వాళ్లే ఒక లేబుల్ పెట్టుకోవాలన్నదే జవాబు. హద్దు గీసుకోవడం వల్ల ఎవరి వెంటా పరుగెత్తే పని తప్పింది. టీన్ ఐడిల్స్ రికార్డు వరుస సంఖ్య 1. 2001లో వచ్చిన ఫుగాజీ ఆల్బం ‘ది ఆర్గ్యుమెంట్’ సంఖ్య 130. రెండు దశాబ్దాలకు అదీ వేగం. మంచమున్నంత మట్టుకే కాళ్లు చాపుకోవాలంటాం. వీళ్లు మంచాన్ని పెద్దది చేయడం కూడా మానుకున్నారు.

ఫుగాజీ లేకపోతే ఈ నీతులు నిలిచేవా అన్నది గట్టి ఆక్షేపణే. 1988లో తొలి రికార్డు విడుదల చేసిన ఆ బ్యాండు మెకైదే. ప్రపంచమంతా తిరిగింది, లేబుల్‌కు ఆధారమైంది. కానీ అప్పటికి లేబుల్ వయసు ఎనిమిదేళ్లు. అదీగాక, ఫుగాజీ పాటించిన పద్ధతులు ఆ లేబుల్‌లో పెరిగినవే. అన్ని వయసులవాళ్లనూ రానివ్వడం, టిక్కెట్టు ఐదు డాలర్లకు అటూ ఇటూ ఉంచడం, తపాలా ఖర్చుతో కలిపి ధరను కవరు మీదే అచ్చువేయడం, పెద్ద కంపెనీల పిలుపులను కాదనడం ఆ కోవలోవే. ఒప్పందాలు లేకపోతే బ్యాండ్లు జారిపోవా? జారిపోయాయి. 90ల్లో జాబాక్స్ అనే బ్యాండు అట్లాంటిక్ కంపెనీకి, షడర్ టు థింక్ అనే బ్యాండు ఎపిక్ కంపెనీకి వెళ్లాయి. కట్టిపడేసే కాగితం లేదు కనుక కోర్టు గొడవా లేదు. అట్లాంటిక్ విడుదల చేసిన జాబాక్స్ ఆల్బం 2009లో, ఆ బ్యాండు సభ్యుల సొంత లేబుల్ డిసోటోతో పాటు డిస్కార్డ్ ద్వారానే మళ్లీ వచ్చింది. ఇదంతా మధ్యతరగతి కుర్రాళ్లకు సాగిన ముచ్చట అనే మాటలో మాత్రం నిజముంది. సంపాదించిందంతా దాచుకోగలిగారంటే, అద్దె, తిండి ఖర్చులు వాళ్ల నెత్తిన లేకపోవడమే కారణం. వాళ్లకు ఒరవడి పెట్టిన బ్యాడ్ బ్రెయిన్స్ అదే నగరంలోని నల్లజాతి బ్యాండు. 1980లో వాళ్లూ సొంతంగా రికార్డు వేసుకున్నారు గానీ, వాళ్ల చేతిలో ఇలాంటి లేబుల్ పెరగలేదు. పట్టుదల ఒక్కటే చాలదని చెప్పడానికి ఈ తేడా చాలు.

ఆ వెసులుబాటు ఉన్నవాళ్లందరూ మాత్రం నలభై ఏళ్లు నిలవలేదు. అమ్మకానికి పుట్టిన లేబుల్‌కు అమ్మకం తగ్గిన రోజున బతకడానికి కారణం ఉండదు. ఆనవాలు మిగల్చడానికి పుట్టిన లేబుల్‌కు ఆ బెడద లేదు, ఉన్న పాటలను దొరికేలా ఉంచడమే దాని పని. ఎవరూ పంచుకోని ఆ 600 డాలర్లతో వేసిన ఎనిమిది పాటలు, ఆ తర్వాతి ఐదు రికార్డుల పాటలతో కలిపి 1995లో ఒకే డిస్క్‌గా వచ్చాయి.