రామచంద్రాపురం క్వార్టర్లు

సైబరాబాద్ కథ చెప్పేవాళ్లు సాధారణంగా 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభం దగ్గర మొదలుపెడతారు. అప్పటికే లింగంపల్లి అవతల మా రామచంద్రాపురంలో ఒక తరం సర్వీసు పూర్తిచేసుకుని రిటైరవుతోంది.

దేశానికి కావలసిన టర్బైన్లు, జనరేటర్లు ఇక్కడే తయారుకావాలన్న పట్టుదలతో 1964లో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ ఏర్పడింది. హరిద్వార్ కర్మాగారానికి సోవియట్ యూనియన్ సాయం అందితే, తిరుచిరాపల్లికి, రామచంద్రాపురంలోని మా కర్మాగారానికి చెకొస్లొవేకియా సాయం చేసింది. పక్కనే బొంబాయి హైవే, వాడి వైపు వెళ్లే రైలు మార్గం. టన్నుల బరువుండే యంత్రాలు తరలించాలంటే ఆ రెండూ ఉండాల్సిందే.

కానీ మనుషులు ఎక్కడుండాలి? హైదరాబాద్ సిటీ చాలా దూరం. చుట్టూ పొలాలు, బండరాళ్లు, చిన్న చిన్న ఊళ్లు. అందుకే ఫ్యాక్టరీతో పాటు ఇళ్లూ, ఆస్పత్రీ, బడులూ, ఆటస్థలాలూ కంపెనీయే కట్టించింది. ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు, ఇంజనీర్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి హోదాను బట్టి ఇచ్చిన క్వార్టర్లలో కాపురాలు పెట్టారు. ఒకే వరసలో గుంటూరువాళ్లు, కరీంనగర్‌వాళ్లు, తమిళులు, మలయాళీలు ఉండేవాళ్లు.

మా ఆటలు కూడా షిఫ్టులను బట్టే నడిచేవి. మధ్యాహ్నం వీధిలో బంతి చప్పుడైతే చాలు, ఏదో ఒక అత్తయ్య గుమ్మంలోకి వచ్చేది. "మామయ్య నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నాడ్రా, పక్క వీధిలో ఆడుకోండి" అనేది. పక్క వీధిలోనూ ఇంకో మామయ్య నిద్రపోతూ ఉండేవాడు. సాయంత్రం సైరన్ మోగాక గేటు నుంచి సైకిళ్లు బారులు తీరి వచ్చేవి. అప్పుడిక మమ్మల్ని ఆపేవాళ్లు లేరు.

అయితే క్వార్టర్ ఎవరికీ సొంతం కాదు. పెరట్లో మామిడి మొక్క నాటినవాళ్లు అది కాపుకొచ్చేసరికి రిటైరై, ఇల్లు అప్పగించి వెళ్లిపోయేవాళ్లు. దూరం పోవడానికి మనసొప్పని కుటుంబాలు ప్రహరీ అవతలి ఎల్‌ఐజీ, ఎంఐజీ, హెచ్‌ఐజీ కాలనీల్లో, అశోక్‌నగర్‌లో, చందానగర్‌లో ఇళ్లు కట్టుకున్నాయి. ఈ ప్రాంతం పట్నంగా మారింది అలాగే. జీహెచ్‌ఎంసీలో కలపడం 2007లో జరిగినా, ఊరు ఎప్పుడో పెరిగిపోయింది.

2003లో లింగంపల్లి నుంచి ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు మొదలయ్యాక, క్వార్టర్లలో పుట్టిన పిల్లలు హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగి ఉద్యోగాలకు వెళ్లారు. వాళ్ల నాన్నలకు ఇల్లు ఉద్యోగంతో పాటే వచ్చింది. వీళ్లకు మాత్రం నల్లగండ్లలోనో తెల్లాపూర్‌లోనో ఫ్లాటు, దాని కోసం ఇరవై ఏళ్ల ఈఎంఐ. పనిచేసేవాడి ఇల్లు కూడా ఫ్యాక్టరీలో భాగమేనన్న ఆలోచనను ఐటీ కారిడార్ పూర్తిగా వదిలేసింది. అది పెద్ద నష్టమేనని నా అభిప్రాయం.

ఇప్పుడు టౌన్‌షిప్‌లో కొన్ని క్వార్టర్లకు తాళాలు పడ్డాయి. వాటిని పడగొట్టకముందే అలాట్‌మెంట్ రిజిస్టర్లు, ఇళ్ల ప్లాన్లు, రిటైరైనవాళ్ల ఇళ్లలోని పాత ఫొటోలు ఒకచోటికి చేర్చాలి. మొదటి బ్యాచ్ వాళ్లు కొందరు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్లు చెప్పేది ఈ ఏడాదే రాసుకోవాలి.