పహాణీలో మా మాట

నిజాం కాలంలో హైదరాబాద్ చుట్టూ ఉన్న నేలకు అత్రాఫ్-ఎ-బల్దా అని పేరు. బల్దా అంటే నగరం. అత్రాఫ్ అంటే చుట్టుపక్కల. ఆ జిల్లా రాబడి నిజాం సొంత ఖజానాకు పోయేది. దాన్నే సర్ఫేఖాస్ అన్నారు. 1948 తర్వాత అది హైదరాబాద్ జిల్లాలో కలిసింది. 1978లో హైదరాబాద్ నుంచి విడదీసి రంగారెడ్డి జిల్లా చేశారు. 2016లో జిల్లాలు మళ్లీ మారినప్పుడు పాలమూరు ఉత్తరపు అంచున ఉన్న షాద్‌నగర్, కొత్తూరు కూడా రంగారెడ్డిలోకి పోయాయి. ఓటు మాత్రం ఇప్పటికీ మహబూబ్‌నగర్ లోక్‌సభకే. ఇటు ఊరూ కాదు, అటు పట్నమూ కాదు. నగరం పెరిగిన కొద్దీ అత్రాఫ్ దక్షిణానికి జరుగుతూ వచ్చింది. పేరు పోయింది గానీ అత్రాఫ్ పోలేదు.

ఈ అంచున బతికే ముసల్మాన్లు ఎవరి లెక్కలోకీ రారు. హైదరాబాద్ ముసల్మాన్ అంటే చార్మినార్, షేర్వానీ, నవాబు. పల్లె ముసల్మాన్ అంటే 'మీకు తెలుగు ఇంత బాగా వచ్చా!' అనే ఆశ్చర్యం. 2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో మేం నూటికి సుమారు ఎనిమిది మందిమి, నల్లగొండలో సుమారు ఐదుగురం. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు. దూదేకులవాళ్లయితే చాలాచోట్ల ఇంట్లో కూడా తెలుగే. మా చరిత్ర చెప్పాల్సి వస్తే కోటల దగ్గర మొదలుపెట్టి లాభం లేదు. ఊళ్ల పేర్ల దగ్గర, భూమి కాగితాల దగ్గర మొదలుపెట్టాలి.

షాద్‌నగర్ పేరే చూడండి. పేరు వినగానే ఇది తురకోళ్లు పెట్టిందని కొందరి నమ్మకం. 'షాద్' మహారాజా కిషన్ పర్షాద్ కలం పేరు. ఊరికి ఆయన మీదుగానే ఆ పేరు వచ్చిందని చెప్పుకుంటారు. ఆయన ఖత్రీ హిందువు. 1901 నుంచి 1912 దాకా, మళ్లీ 1926 నుంచి 1937 దాకా హైదరాబాద్ రాజ్యానికి ప్రధానమంత్రి. ఉర్దూలో, ఫారసీలో కవిత్వం రాశాడు. ప్రవక్త మీద నాత్‌లు కూడా రాశాడు. ఆ పక్కనే బూర్గుల. హైదరాబాద్ రాష్ట్రానికి 1952లో ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు ఇంటిపేరు ఆ ఊరిదే. ఆయనకు సంస్కృతం ఎంత వచ్చో ఫారసీ, ఉర్దూ అంత వచ్చు. ఉర్దూ ఒక్క మా ఇళ్లలో పుట్టి మా ఇళ్లలోనే ఉన్న భాష కాదని చెప్పడానికి ఈ రెండు పేర్లు చాలు. అయినా ఆ భాష మోసిన నింద మాత్రం మేమే మోస్తున్నాం.

ఇక భూమి కాగితాలు. 1860ల్లో మొదటి సాలార్‌జంగ్ జిల్లాబందీ చేశాడు. 1880ల్లో కచేరీల్లో ఫారసీ స్థానంలోకి ఉర్దూ వచ్చింది. ఆ రోజుల మాటలే ఇప్పటికీ తెలంగాణ రైతు నోట్లో ఉన్నాయి. జిల్లా, తాలూకా, మౌజా, పట్టా, పహాణీ, సేత్వార్, జమాబందీ, కబ్జా, ఇనాం, మఖ్తా. కొత్తూరులో ప్లాటు కొనే మనిషి ఎక్కడివాడైనా సరే, 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీయించకుండా బయానా ఇవ్వడు. 2020లో ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పేర్లు మారాయి. వెనక్కి తవ్వుకుంటూ పోతే తేలేది పాత ఉర్దూ దస్తావేజే. కాగితంలో మా మాట ఉంది. ఆ కాగితం చెప్పే భూమిలో మేం ఎంతమందిమి ఉన్నాం?

'ఒకప్పుడు రాజ్యమంతా మీదేగా' అంటారు. ఈ మాటకు జవాబు చెప్పాలి. జాగీర్దారుల్లో ముసల్మాన్లు ఉన్నారు, నిజమే. హిందువులూ ఉన్నారు. కానీ నల్లగొండ, పాలమూరు పల్లెల్లో వెట్టి చేయించిన దేశ్‌ముఖులు ఎక్కువమంది ఎవరో ఆ పల్లెలకే తెలుసు. విసునూరు దేశ్‌ముఖ్ భూమి లాక్కోబోతే ఎదురు తిరిగి, కోర్టులో గెలిచి, హత్యకు గురైన షేక్ బందగీ ఎవరు? జనగామ తాలూకా అప్పుడు నల్లగొండ జిల్లాలో ఉండేది. అక్కడి పేద ముసల్మాన్ రైతు ఆయన. తెలంగాణ రైతాంగ పోరాటం ఆయన్ని అమరుడిగా తలచుకుంది.

అదే కాలంలో ఇత్తెహాద్ నాయకులు పేద ముసల్మాన్ చెవిలో ఒక మాట ఊదారు. అనల్ మాలిక్. నేనే పాలకుణ్ణి అని. దూది ఏకేవాడికి, జట్కా తోలేవాడికి, కచేరీ జవానుకు ఆ మాట ఒక్క పూట అన్నం పెట్టలేదు. రజాకార్లు ఊళ్ల మీద పడి చేసిన దుర్మార్గాలకు ఆ మాట ముసుగైంది. దాన్ని ఎదిరించిన ముసల్మాన్లూ ఉన్నారు. 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో చంపింది రజాకార్లే. ఇది దాచుకోవాల్సిన చరిత్ర అని మేం అనుకోవడం లేదు. రజాకార్ల చేతుల్లో పోయిన హిందువుల కోసం మేమూ బాధపడతాం.

ఆ తర్వాత జరిగింది కూడా అంతే నిజాయితీగా చెప్పాలని అడుగుతున్నాం. 1948 సెప్టెంబర్ 13న సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. పుస్తకాల్లో కథ అక్కడ అయిపోతుంది. పల్లె ముసల్మాన్‌కు అక్కడే మొదలైంది. కేంద్రం పంపగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ జిల్లాలు తిరిగారు. పోలీసు చర్య సమయంలోనూ తర్వాతా తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని వాళ్ల అంచనా. ఎక్కువ నష్టం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. ఆ నివేదికను దశాబ్దాలపాటు జనం ముందు పెట్టలేదు. ఖాసిం రజ్వీ 1957లో జైలు నుంచి విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. అతని పేరుతో వచ్చే తిట్టు తినడానికి మేం ఇక్కడ మిగిలాం.

1949 ఆగస్టు 15 నుంచి జాగీర్లు రద్దయ్యాయి. మంచిదే. కానీ జాగీరు కచేరీ మీద బతికిన చిన్న నౌకర్ల బతుకూ దానితోపాటే పోయింది. కొలువుల్లో ఉర్దూ పోయింది. అక్షరం వచ్చినవాడు రాత్రికి రాత్రి నిరక్షరాస్యుడయ్యాడు. వాళ్ల పిల్లలే సైకిల్ షాపులు, మటన్ కొట్లు, పంక్చర్లు, వెల్డింగు పట్టుకున్నారు. 2007లో చట్టం చేసి 14 ముస్లిం కులాలను బీసీ-ఇ కింద చేర్చి నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చేదాకా, ముసల్మాన్లలోనూ చాకలి, మంగలి, ఫకీరు ఉన్నారన్న సంగతి ప్రభుత్వానికి కనపడలేదు.

ఈ అంచున మతాలు కలిసి బతికిన తీరు కూడా ఉంది. కొత్తూరు మండలం ఇన్ముల్‌నర్వలో జహంగీర్ పీర్ దర్గా ఉంది. జనం నోట్లో జాంగీరు పీర్లు. అక్కడ కందూరు చేసేవాళ్లలో ముసల్మాన్ల కంటే హిందువులేం తక్కువ కాదు. మొహర్రం వస్తే ఊరి పీర్లను ఎత్తుకునేవాళ్లు, అలావా చుట్టూ ఆడేవాళ్లు ఎక్కువగా బీసీలు, మాదిగలు, మాలలు. ఒక్క తురక ఇల్లు లేని ఊళ్లో కూడా పీర్లకొట్టం ఉంటుంది. ఈ పద్ధతిని ఇస్లాం కాదని మాలో కొందరు, హిందూత్వం కాదని వాళ్లలో కొందరు వదిలించాలని చూస్తున్నారు. ఇద్దరూ ఒకే పని చేస్తున్నారు.

అయితే వాళ్లిద్దరి కంటే ముందు వచ్చింది భూమి ధర. 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. అదే ఏడు ఏర్పడ్డ హెచ్ఎండీఏ పరిధి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల అంచులదాకా వచ్చింది. ఇటు కొత్తూరు, అటు చౌటుప్పల్, బీబీనగర్. జొన్న చేలల్లో హద్దురాళ్లు లేచాయి. పీర్లకు దీపం పెట్టడానికి ఇచ్చిన ఇనాం, దర్గా కింద మాన్యం, ఊరవతల ఖబరస్తాన్, ఎవరూ పట్టించుకోని ఈ చెక్కలు ఇప్పుడు రోడ్డు పక్క బిట్లు అయ్యాయి. పెద్ద వక్ఫ్‌కే దిక్కులేదు. మణికొండలో హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా పేరున వక్ఫ్ బోర్డు అడిగిన 1,654 ఎకరాలు ప్రభుత్వానివేనని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. 2025 వక్ఫ్ సవరణ చట్టం ఇకమీదట 'వాడుక వల్ల వక్ఫ్'ను గుర్తించనంది. కాగితం లేని ఖబరస్తాన్‌కు వందేళ్ల వాడుకే సాక్ష్యం. రిజిస్టరు కాకపోతే ఆ సాక్ష్యం రేపు ఎవరు వింటారు?

భూమి పోయినచోట పొరుగూ పోతోంది. కొత్త వెంచర్లో ఇల్లు అడిగితే ముందు పేరు అడుగుతారు. 2019 నవంబర్‌లో షాద్‌నగర్ దగ్గరి చటాన్‌పల్లి వంతెన కింద ఒక యువ డాక్టరు శవం దొరికింది. దేశమంతా ఏడ్చింది, మేమూ ఏడ్చాం. నిందితులు నలుగురు. అందులో ముసల్మాన్ ఒక్కడు. సోషల్ మీడియాలో ఆ ఒక్క పేరే తిరిగింది. డిసెంబర్ 6న అదే చోట నలుగురినీ పోలీసులు కాల్చి చంపారు. అది నిజమైన ఎదురుకాల్పులు కాదని సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో చెప్పింది. చావులో నలుగురూ ఒక్కటే అయ్యారు. వార్తలో మాత్రం కాలేదు.

ఊరి పేర్లు మార్చాలని ఇప్పుడు కొందరంటున్నారు. పాలమూరు అనండి, మాకూ ఇష్టమే. అది మా నోట్లో కూడా ఉన్న పేరే. 1890లో ఆరో నిజాం పేరున మహబూబ్‌నగర్ అయినా ఆ మాట చావలేదు. కానీ ఒక పేరు తుడిస్తేనే ఇంకోటి బతుకుతుందంటే ఒప్పుకోం. పేర్లు చెరిపేవాళ్లు పహాణీ అన్న మాటను ఏం చేస్తారు? కబ్జాను ఏం చేస్తారు?

లౌకికవాద మిత్రులను ఒకటి అడుగుతున్నాం. మాకు సానుభూతి అక్కర్లేదు. మీ ఊరి పీర్లకొట్టం ఏ సర్వే నంబరులో ఉందో, ఖబరస్తాన్ ఎన్ని గుంటలో, మీ తాత ఎవరితో కలిసి అలావా తొక్కాడో రాయండి. మేం మా పెద్దవాళ్లను అడిగి ఉర్దూ దస్తావేజులు చదివి పెడతాం. వెంచరు గోడ లేచేలోపు ఆ పని జరగాలి.