అమ్ముగూడ నుంచి రోమ్ దాకా: ఫుట్‌బాలర్ తులసీదాస్ బలరాం

భారత ఫుట్‌బాల్ చరిత్రలో అగ్రశ్రేణి ఫార్వర్డ్‌లలో ఒకరైన తులసీదాస్ బలరాం 1936లో సికింద్రాబాద్ శివారు గ్రామం అమ్ముగూడలో పుట్టారు. తమిళ మూలాలున్న పేద కుటుంబం వారిది. అగ్రస్థాయి ఫుట్‌బాల్‌లో ఆయన ఆడింది ఏడెనిమిదేళ్లే. భారత ఫుట్‌బాల్‌కు స్వర్ణయుగంగా చెప్పుకునే 1951-62 కాలంలో రెండో సగం ఆ ఏళ్లలోనే ఇమిడి ఉంది.

హైదరాబాద్ సంస్థానంలో ఫుట్‌బాల్ అన్నిచోట్లా ఒకేలా ఎదగలేదు. దక్షిణాన నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో కుర్రాళ్లు ఎక్కువగా ఆడింది కబడ్డీ. ఫుట్‌బాల్ మాత్రం సికింద్రాబాద్ కంటోన్మెంట్ చుట్టూ, సైనిక పటాలాల మైదానాల్లో, పోలీసు జట్లలో వేళ్లూనుకుంది. కంటోన్మెంట్‌కు దగ్గరి ఊరు కావడంతో బలరాంకు చిన్నతనం నుంచే ఆ ఆట కంటబడింది. కబడ్డీలో కూతకు వెళ్లిన ఆటగాడు ఎదుటి జట్టు మొత్తాన్నీ కళ్లతో కొలుస్తూ ఖాళీ దొరికిన వైపు ఎలా దూకుతాడో, ఫుట్‌బాల్‌లో ఫార్వర్డ్ పనీ అలాంటిదే. ఆ పనిలో బలరాం దిట్ట.

ఆ రోజుల్లో హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు వెన్నెముక సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చారు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచింది. రహీం పెట్టే పోటీలు ప్రత్యేకంగా ఉండేవి. కొన్నింటిలో డ్రిబ్లింగ్ నిషేధం కాబట్టి బంతి అందగానే పాస్ ఇవ్వాల్సిందే. మరికొన్నింటిలో బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలి. ఒక కాలి మీదే ఆధారపడే అలవాటును పోగొట్టడానికీ, సొంత గొప్ప కోసం బంతిని అట్టిపెట్టుకునే బుద్ధిని మాన్పించడానికీ ఆయన వేసిన ఎత్తులివి. బలరాం ఆటలో ఈ రెండు పాఠాలూ కనిపిస్తాయి. ఆయన మధ్యలోనూ ఆడగలరు, ఎడమ వింగ్‌లోనూ ఆడగలరు. తాను గోల్ కొట్టే వీలున్నా, పక్కవాడు ఇంకా మంచి చోట ఉంటే బంతిని అతనికే అందించేవారు.

సికింద్రాబాద్‌లో స్థానిక జట్లకు ఆడుతున్న బలరాంను చూసిన రహీం, రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ కోసం హైదరాబాద్ జట్టు శిక్షణకు రమ్మని పిలిచారు. అమ్ముగూడ నుంచి మైదానం చాలా దూరం, రోజూ రానుపోను ఖర్చులకు ఇంట్లో డబ్బు లేదు. సంగతి తెలిసిన రహీం అద్దె సైకిల్‌కు ఏర్పాటు చేశారు. ఆ సైకిల్ మీదే బలరాం శిక్షణకు వచ్చి వెళ్లేవారు. జట్టులో చోటు సంపాదించాక ఆయన వెనుదిరిగి చూడలేదు. హైదరాబాద్ 1956-57లోనూ, 1957-58లోనూ సంతోష్ ట్రోఫీ గెలిచింది. రెండుసార్లూ ఆయన జట్టులో ఉన్నారు.

1956లోనే మెల్‌బోర్న్ ఒలింపిక్స్ పిలుపు వచ్చింది. నాలుగేళ్ల ముందు హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో ఓడిన భారత జట్టు, ఈసారీ రహీం శిక్షణలోనే ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. ఆ మ్యాచ్‌లో నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ సాధించారు. సెమీఫైనల్‌లో యుగోస్లావియా చేతిలో, కాంస్య పతక పోరులో బల్గేరియా చేతిలో ఓడి భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్‌కు నేటికీ అదే అత్యుత్తమ స్థానం. ఇరవై ఏళ్ల బలరాంకు అదే తొలి పెద్ద వేదిక.

1957లో ఆయన కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్ జెర్సీ తొడిగారు. ఆ రోజుల్లో దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తానే. ఆయన ఆ క్లబ్బుకు 1962 వరకు ఆడి వందకు పైగా గోల్స్ సాధించారు. 1958లో ఐఎఫ్ఏ షీల్డ్, 1960లో మోహన్ బగాన్‌తో ఉమ్మడిగా డ్యూరాండ్ కప్ ఈస్ట్ బెంగాల్‌కు దక్కాయి. 1958-59లో సంతోష్ ట్రోఫీ గెలిచిన బెంగాల్ జట్టులోనూ ఆయన ఉన్నారు. అన్నిటికన్నా గొప్పది 1961 సీజన్. ఆ ఏడాది బలరాం కెప్టెన్. ఈస్ట్ బెంగాల్ తొమ్మిదేళ్ల తర్వాత కలకత్తా లీగ్ గెలిచింది. 23 గోల్స్‌తో ఆ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టింది కూడా కెప్టెనే.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్‌కు కఠినమైన గ్రూపు పడింది. తొలి మ్యాచ్ హంగరీతో. అప్పటి ప్రపంచ ఫుట్‌బాల్‌లో హంగరీ పెద్ద పేరు. 0-2తో వెనకబడి ఉండగా 79వ నిమిషంలో బలరాం ఒక గోల్ తిరిగి సాధించారు, భారత్ 1-2తో మాత్రమే ఓడింది. రెండో మ్యాచ్‌లో కెప్టెన్ పి.కె. బెనర్జీ గోల్‌తో ఫ్రాన్స్‌ను 1-1 వద్ద నిలువరించింది. మూడో మ్యాచ్‌లో పెరూ 3-1తో గెలిచింది. భారత్ తరఫున ఆ ఒక్క గోల్ ఆట ముగింపు దగ్గర బలరాం కొట్టినదే. ఆ తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కు మళ్లీ అర్హత సాధించలేదు. కాబట్టి ఒలింపిక్స్‌లో భారత్ చేసిన చివరి గోల్ నేటికీ బలరాందే.

1962లో జకార్తా ఆసియా క్రీడల్లో ఈ తరం తన శిఖరానికి చేరింది. చునీ గోస్వామి కెప్టెన్. చునీ, పి.కె., బలరాంలను కలిపి త్రిమూర్తులుగా చెప్పుకునేవారు. చునీ మోహన్ బగాన్ ఆటగాడు, బలరాం దాని చిరకాల ప్రత్యర్థి ఈస్ట్ బెంగాల్ ఆటగాడు. క్లబ్బుల వైరం దేశపు జట్టులో వారి మధ్య అడ్డురాలేదు. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడినా, భారత్ థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించింది. ఈ రెండు మ్యాచ్‌ల్లోనూ బలరాం గోల్ ఉంది. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2 గెలుపు. సెప్టెంబర్ 4న జరిగిన ఫైనల్‌లో మళ్లీ దక్షిణ కొరియానే ఎదురైంది. రాజకీయ వివాదం వల్ల స్టేడియంలోని జనం భారత్‌కు వ్యతిరేకంగా హోరెత్తారు. పి.కె., జర్నైల్ సింగ్ చెరో గోల్ కొట్టగా భారత్ 2-1తో స్వర్ణం గెలిచింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు అదే చివరి స్వర్ణం. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం 1963 జూన్‌లో కన్నుమూశారు.

బలరాంకు 1962 సంవత్సరానికి అర్జున అవార్డు లభించింది. 1963లో ఆయన బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టుకు మారారు. కొద్దికాలానికే ఊపిరితిత్తుల జబ్బు ఆయన్ను మైదానానికి దూరం చేసింది. అప్పటికి ఆయన వయసు ముప్పై లోపే. తర్వాత రైల్వే ఉద్యోగిగా, యువ ఆటగాళ్లకు శిక్షకుడిగా బెంగాల్‌లోనే స్థిరపడి, హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో చివరి రోజులు గడిపారు. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో మరణించారు.

త్రిమూర్తుల్లో చునీ గోస్వామికి 1983లో, పి.కె. బెనర్జీకి 1990లో పద్మశ్రీ దక్కింది. బలరాంకు దక్కలేదు. ఆటలో ఆ ఇద్దరికీ ఏమాత్రం తీసిపోని మనిషికి జరిగిన అన్యాయమిది. సొంత గడ్డ మీద కూడా ఆయన పేరు తెలిసినవారు తక్కువే. తెలంగాణ పాఠ్యపుస్తకాల్లో క్రీడాకారుల గురించి పాఠం రాసేటప్పుడు, రహీం పేరు పక్కన బలరాం పేరూ తప్పక ఉండాలి.