బహిరంగ ధూమపాన నిషేధం: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు

బస్టాండు, ఆసుపత్రి, సర్కారు కచేరీ, బడి, సినిమా హాలు వంటి పదిమంది మసిలే చోట్ల పొగతాగడాన్ని చట్టంతో కట్టడి చేయడాన్ని బహిరంగ ధూమపాన నిషేధం అంటారు. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ నుంచి విడివడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు ఈ విషయంలో ముందు నడిచినవి కావు. ఇక్కడ అమలయ్యే నిబంధనలు ఢిల్లీ నుంచో హైదరాబాదు నుంచో వచ్చినవే. కానీ ఒక రాష్ట్రం ముందు ఎందుకు కదులుతుంది, మరొకటి ఎందుకు జంకుతుంది అన్నది తెలుసుకోవడానికి పాలమూరు (పాత మహబూబ్‌నగర్) సరిహద్దు మంచి చోటు. గద్వాలకు ఒక పక్క కర్ణాటకలోని రాయచూరు, మరో పక్క ఆంధ్రప్రదేశ్‌లోని కర్నూలు ఉన్నాయి.

తొలి కట్టడులు

తొలి కట్టడుల్లో కొన్నిటికి కారణం పొగ కాదు, నిప్పు. నల్లమల వంటి రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 20వ సెక్షన్ ప్రకారం నేరం. ఎండాకాలంలో నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో రాలిన ఆకు అంటుకోవడానికి ఆర్పని బీడీ ముక్క ఒక్కటి చాలు.

రెండో కారణం పక్కవాడి ఇబ్బంది. బ్రిటిష్ ఇండియాలో 1890 రైల్వే చట్టం తోటి ప్రయాణికులు ఒప్పుకోనిదే పెట్టెలో పొగతాగకూడదంది, తప్పితే 20 రూపాయల దాకా జరిమానా. 1989 చట్టం 167వ సెక్షన్ దాన్ని 100 రూపాయలు చేసింది. గద్వాలకూ వనపర్తి రోడ్డుకూ రైలుంది కాబట్టి అక్కడివాళ్లకు ఈ నిబంధన తెలుసు. రైలే లేని నాగర్‌కర్నూలులో జనం చదివింది ఆర్టీసీ బస్సులో రాసి ఉండే ‘పొగ త్రాగరాదు’ అన్న మాటనే. ఆ మాట కిందే కూర్చుని బీడీ ముట్టించిన రోజులు పెద్దవాళ్లకు గుర్తుంటాయి.

కోర్టులు, చట్టాలు

పక్కవాడు వదిలే పొగ కూడా ప్రాణానికి ముప్పేనని గట్టిగా చెప్పిన తొలి అధ్యయనాల్లో 1981లో జపాన్‌లో హిరయామా చేసినది ఒకటి. పొగతాగే భర్తలున్న, తాము పొగతాగని భార్యలకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎక్కువని అది తేల్చింది. ఆ తర్వాత వాదన మర్యాద నుంచి హక్కు వైపు మళ్లింది.

మన దేశంలో ముందు కదిలింది ఢిల్లీ (1996), గోవా (1997). ఢిల్లీలో అప్పటి ఆరోగ్య మంత్రి హర్షవర్ధన్ స్వయంగా చెవి, ముక్కు, గొంతు వైద్యుడు. 1999 జులై 12న కేరళ హైకోర్టు బహిరంగ ధూమపానం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుకు విరుద్ధమంది. మురళీ దేవరా వేసిన కేసులో 2001 నవంబరు 2న సుప్రీంకోర్టు ఆసుపత్రులు, విద్యాసంస్థలు, గ్రంథాలయాలు, కోర్టులు, ప్రభుత్వ కార్యాలయాలు, ప్రజారవాణాలో పొగతాగడాన్ని దేశమంతటా నిషేధించమంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ధూమపాన నిషేధ, ఆరోగ్య రక్షణ చట్టం చేసింది 2002లో. అంటే సుప్రీంకోర్టు చెప్పాకే.

2003లో కేంద్రం సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం (కోట్పా) తెచ్చింది. 2008 అక్టోబరు 2 నుంచి అమలైన నిబంధనలు గట్టివి. ప్రతి బహిరంగ స్థలం గుమ్మం దగ్గరా కనీసం 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న తెల్లని బోర్డు పెట్టాలి. దాని మీద ఎర్రని వలయంలో సిగరెట్టో బీడీయో గీసి, అడ్డంగా ఎర్రపట్టీ కొట్టాలి. తన ఆవరణలో ఎవరైనా పొగతాగితే 200 రూపాయల దాకా జరిమానా వేసే అధికారం బడి హెడ్మాస్టరుకు కూడా ఉంది. బడికి 100 గజాల లోపు సిగరెట్లు అమ్మకూడదు. ఆ దూరాన్ని కొలిచేది రోడ్డు వెంట కాదు, ప్రహరీ నుంచి సూటిగా. ఈ లెక్క నిజంగా కొలిస్తే మన పట్టణాల్లో చాలా పాన్ డబ్బాలు లేచిపోవాలి.

ఎవరి అన్నం పోతుంది?

ఆంధ్రప్రదేశ్ ఆలస్యానికి కారణం ప్రజల అలవాటు ఒక్కటే కాదు, పొగాకు మీద బతికే చేతులు కూడా. రాజమండ్రిలో 1947లోనే కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ వచ్చింది, గుంటూరులో 1976 నుంచి పొగాకు బోర్డు ఉంది. చార్మినార్ సిగరెట్లు చేసిన వజీర్ సుల్తాన్ కంపెనీ హైదరాబాదుదే. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ల సంపాదనతో నడిచే ఇళ్లు అనేకం. వాళ్లకు తెలంగాణ ప్రభుత్వం 2015లో నెలకు 1,000 రూపాయల పింఛను మొదలుపెట్టి 2019లో 2,016 చేసింది. బీడీని వద్దనాల్సిన సర్కారే బీడీ కార్మికులకు పింఛను ఇవ్వడంలో తప్పేమీ లేదు. ఇబ్బందల్లా ఈ రెంటినీ ఒకే చేత్తో చేయాల్సి రావడం.

దీనికి గట్టి రుజువు గుట్కా. ధూమపాన చట్టానికి తటపటాయించిన ఆంధ్రప్రదేశ్, 2002లోనే గుట్కాను నిషేధించిన తొలి రాష్ట్రాల్లో ఒకటైంది. గుట్కా కోసం గొంతెత్తే బీడీ కార్మికుల సంఘాల వంటివి ఇక్కడ లేవు. 2004లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు ఆ అధికారం లేదని ఆ నిషేధాలను కొట్టేసింది. 2024 ఫిబ్రవరి 12న తెలంగాణ శాసనసభ హుక్కా కేంద్రాల నిషేధ బిల్లును చర్చ లేకుండానే ఆమోదించింది. అదీ గుట్కా నిషేధం లాంటిదే, గట్టిగా అడ్డుపడేవాళ్లు లేని చట్టం.

పొగాకు పంటే అన్నిటికీ కారణం అనడం మాత్రం సరికాదు. అమెరికాలో పొగాకు పండించే నార్త్ కరోలినా 2010లో హోటళ్లలో, బార్లలో పొగను ఆపింది. మైసూరు ప్రాంతంలో పొగాకు పండించే కర్ణాటక మనకన్నా కఠినమైన చట్టం చేసింది. 2016–17 జాతీయ సర్వేలో తెలంగాణ పెద్దల్లో పొగతాగేవారు 8.3 శాతమే, దేశ సగటు 10.7. అలవాటు తక్కువున్నంత మాత్రాన చట్టం ముందు రాదు. అడిగేవాళ్లు, అడ్డుపడని వర్గాలు, పట్టుదల ఉన్న మంత్రి, ఈ మూడూ కలిసినచోటే వస్తుంది.

కోట్పాకు కర్ణాటక చేసిన సవరణకు 2025 మేలో రాష్ట్రపతి ఆమోదం దొరికింది. కొనే వయసు 18 నుంచి 21కి పెరిగింది, బహిరంగ ధూమపానానికి జరిమానా 1,000 రూపాయల దాకా. రాయచూరు బస్టాండులో సిగరెట్ ముట్టిస్తే వర్తించేది అదే. కోట్పా నిబంధనల కింద గద్వాల బస్టాండులో 200.