ఐర్లండు ఓటు, కథోలిక చర్చి మాట

స్త్రీపురుష భేదం లేకుండా ఏ ఇద్దరైనా చట్టప్రకారం వివాహం చేసుకోవచ్చునన్న వాక్యాన్ని రాజ్యాంగంలో చేర్చాలా అన్న ప్రశ్నకు 2015 మే 22న ఐర్లండు ఓటర్లు జవాబు చెప్పారు. సుమారు 12 లక్షల మంది అవునని, 7 లక్షల 34 వేల మంది కాదని ఓటు వేయడంతో, స్వలింగ వివాహాన్ని దేశమంతటా ప్రజల ఓటుతోనే అంగీకరించిన మొదటి దేశంగా ఐర్లండు నిలిచింది. 2011 జనాభా లెక్కల్లో 84 శాతం మంది తాము కథోలికులమని రాయించుకున్న దేశంలో ఇది జరగడానికి మతం బలహీనపడటమే కారణమన్న వివరణ తరచుగా వినిపిస్తుంది గాని, అందులో సగమే నిజం ఉంది.

1937 నాటి రాజ్యాంగం కథోలిక చర్చికి ‘ప్రత్యేక స్థానం’ ఇచ్చి, విడాకులను నిషేధించింది. ఆ ప్రత్యేక స్థానాన్ని 1972లో ప్రజలే తొలగించినా, బడులూ ఆసుపత్రులూ చాలావరకు మఠకన్యల, గురువుల నిర్వహణలోనే ఉండిపోయాయి. ఆ దశాబ్దం తొలినాళ్లలో కథోలికుల్లో పదిమందికి తొమ్మిదిమంది వారం వారం దివ్యబలిపూజకు హాజరయ్యేవారు. 1979లో రెండవ జాన్ పాల్ పోపు డబ్లిన్‌లోని ఫీనిక్స్ పార్కుకు వచ్చినప్పుడు, 34 లక్షల జనాభా గల దేశంలో పది లక్షలకు పైగా జనం అక్కడ పోగయ్యారు. అదే ఏడాది చేసిన చట్టం గర్భనిరోధక సాధనాలను అనుమతించింది గాని, నిరోధ్ కొనాలన్నా డాక్టరు చీటీ చూపాలన్న షరతు పెట్టింది.

పురుషుల మధ్య లైంగిక సంబంధాన్ని నేరంగా పరిగణించిన చట్టం మాత్రం చర్చి చేసింది కాదు. భారతదేశంలోని 377వ సెక్షను పుట్టిన కాలానిదే అయిన 1861 నాటి బ్రిటిష్ చట్టమది. ఏ సామ్రాజ్యాన్ని పోరాడి వదిలించుకున్నారో దాని చట్టానికే స్వతంత్ర ఐర్లండు కథోలిక నీతిని కాపలా పెట్టడం విడ్డూరమే. డేవిడ్ నారిస్ అనే విశ్వవిద్యాలయ అధ్యాపకుడు దానిని సవాలు చేయగా, 1983లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తులు ఒకవైపు, ఇద్దరు మరొకవైపుగా తోసిపుచ్చింది. ప్రధాన న్యాయమూర్తి తన తీర్పులో క్రైస్తవ బోధను ప్రస్తావించారు. 1988లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం నారిస్ పక్షాన తీర్పు చెప్పిన ఐదేళ్లకు గాని ఆ నేరం రద్దు కాలేదు.

విశ్వాసం కంటే ముందు విరిగింది గురువు మాట మీది నమ్మకం. ఒక బిషప్పుకు కొడుకున్నాడని 1992లో బయటపడటంతో మొదలైన తడబాటు, చర్చి నడిపిన సంస్థలలో పిల్లలపై జరిగిన అత్యాచారాలను, డబ్లిన్ అధిమేత్రాసనం వాటిని కప్పిపుచ్చిన తీరును 2009లో రెండు విచారణ నివేదికలు వివరించడంతో తిరిగి పూడ్చలేని గండిగా మారింది. ఆ మార్పు విడాకుల ఓటులో ముందే కనబడింది: 1986లో 63 శాతం మంది తిరస్కరించిన విడాకులు 1995లో కేవలం 9,114 ఓట్ల ఆధిక్యంతో గట్టెక్కాయి.

అందువల్ల, వివాహమంటే స్త్రీపురుషుల కలయికేనని బోధిస్తూ 2014 డిసెంబరులో బిషప్పులు వెలువరించిన లేఖ పాతకాలపు ఆజ్ఞగా పనిచేయలేదు. నిష్ఠగల కథోలికురాలైన మాజీ అధ్యక్షురాలు మేరీ మెకలీస్ బహిరంగంగా అవును పక్షాన నిలబడ్డారు. 43 నియోజకవర్గాలలో రాస్కామన్–సౌత్ లీట్రిం ఒక్కటే కాదన్నది. ఈ ఫలితాన్ని వాటికన్ రాజ్య కార్యదర్శి మానవజాతికే ఓటమిగా వర్ణించగా, డబ్లిన్ అధిమేత్రాసన అధిపతి చర్చి వాస్తవాన్ని గుర్తించాలని అన్నారు. జనానికి దగ్గరగా ఉన్నవాని మాటే నిజానికి దగ్గరగా ఉంది.

అదే ఏడాది నవంబరులో అమలులోకి వచ్చిన చట్టం ఏ మతసంస్థనూ ఇటువంటి వివాహం జరిపించమని నిర్బంధించలేదు, కథోలిక దేవాలయాలు నేటికీ జరిపించడం లేదు. ఓటు జరిగిన మరుసటి ఏడాది, 2016 జనాభా లెక్కల్లో, 78 శాతం మంది తమ మతం గడిలో కథోలికమనే రాయించారు.