రెండు బిందువుల గుండా పోయే సరళరేఖ వాలు

నిరూపక రేఖాగణితంలో ఒక సరళరేఖ ఎటు ఒరిగి ఉన్నదో, ఎంత ఒరిగి ఉన్నదో తెలిపే సంఖ్యను ఆ రేఖ యొక్క వాలు అంటారు. దీనికే ప్రవణత అని మరొక పేరు. రేఖపై ఏవైనా రెండు బిందువులు తెలిస్తే వాలును కనుగొనవచ్చును. ఒక బిందువు నుండి మరొక బిందువునకు పోవునపుడు నిలువుగా కలిగిన మార్పును అడ్డముగా కలిగిన మార్పుతో భాగించగా వచ్చునదే వాలు.

సూత్రం

బిందువులు (ఎక్స్1, వై1), (ఎక్స్2, వై2) అయిన:

వాలు = (వై2 − వై1) ÷ (ఎక్స్2 − ఎక్స్1)

ఉదాహరణకు (2, 3), (6, 11) బిందువుల గుండా పోయే రేఖ వాలు (11 − 3) ÷ (6 − 2) = 2. బిందువుల వరుస మార్చినా (3 − 11) ÷ (2 − 6) = 2 అనియే వచ్చును. అయితే పైన ఒక వరుస, క్రింద మరొక వరుస పాటిస్తే −2 వచ్చి, ఎక్కే రేఖ దిగే రేఖగా మారిపోతుంది. పరీక్షలలో విద్యార్థులు ఎక్కువగా మార్కులు పోగొట్టుకొనేది ఇక్కడే.

రేఖపై ఏ రెండు బిందువులను తీసుకొన్నా ఏర్పడే లంబకోణ త్రిభుజాలు సరూపాలు కనుక వాలు మారదు. క్షితిజ సమాంతర రేఖ వాలు సున్న. నిలువు రేఖకు హారం సున్న అగును గనుక వాలు నిర్వచింపబడదు. మూడు బిందువులలో ఏ రెండింటిని తీసుకొన్నా ఒకే వాలు వచ్చినచో అవి సరేఖీయాలు.

డెల్టా కాలువలలో వాలు

ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట వలన గోదావరి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువ నీరు అందింది. తరువాత దాని స్థానంలో కట్టిన బ్యారేజికి కాటన్ పేరే పెట్టారు. ఈ ప్రాంతపు నేల కంటికి బల్లపరుపుగా కనిపిస్తుంది. పల్లం ఎటు ఉన్నదో చూపుతో చెప్పలేము. రెండు చోట్ల మట్టాలు కొలిచి తీసివేయవలసినదే.

మైలుకు ఆరు అంగుళాలు దిగే కాలువ అడుగును తీసుకొందాం. మైలుకు 63,360 అంగుళాలు కనుక వాలు పరిమాణం 6 ÷ 63,360, అనగా 10,560కి ఒకటి. దిగుతున్నది కనుక గణితంలో దీని ముందు రుణ గుర్తు ఉంటుంది. వాడుకలో ఆ గుర్తు వదలివేస్తారు.

ఇంత స్వల్పమైన వాలును కొలుచునపుడు బిందువుల ఎంపిక ముఖ్యం. 100 మీటర్ల దూరంలో ఈ కాలువ ఒక సెంటీమీటరు కూడా దిగదు. కొలతలో ఒక సెంటీమీటరు పొరపాటు జరిగితే నీరు మెరకకు పారుతున్నట్లు లెక్క తేలవచ్చును! అదే 5 కిలోమీటర్లకు దిగుడు సుమారు 47 సెంటీమీటర్లు. అంతే పొరపాటు అక్కడ రెండు శాతం మాత్రమే. దూరం పెరిగితే కొలతల సంఖ్యతో పాటు దోషాలూ కొంత పోగుపడతాయి, అయినా ఎడంగా ఉన్న బిందువులే మేలు. వాలు చాలకపోతే శివారు భూములకు నీరందదు. మురుగు కాలువలోనైతే వాన నీరు కదలక వరిచేలు మునుగుతాయి. వాలు మితిమీరితే కాలువ అడుగు కోసుకుపోతుంది.

వరద మట్టం

అడ్డ అక్షంపై కాలము, నిలువు అక్షంపై నీటిమట్టము గుర్తిస్తే వాలు అనగా గంటకు నీరు ఎంత పెరిగినదో తెలిపే రేటు. ధవళేశ్వరం వద్ద 11.75 అడుగులకు మొదటి, 13.75 అడుగులకు రెండవ, 17.75 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. ఉదయం 6 గంటలకు 10.75, 10 గంటలకు 11.75 అడుగులు ఉన్నదనుకొందాం (ఈ రెండు కొలతలు ఊహించినవి). వాలు 1 ÷ 4, అనగా గంటకు 0.25 అడుగు. ఇదే తీరున రెండవ హెచ్చరికకు ఇంకా 2 ÷ 0.25 = 8 గంటలు, అనగా సాయంత్రం 6 గంటల వరకు వ్యవధి ఉన్నది.

అయితే వరద సరళరేఖలో పెరగాలని లేదు. మధ్యాహ్నం 2 గంటలకు మట్టం 13.25 అయినచో కొత్త వాలు 1.5 ÷ 4 = 0.375. మిగిలిన అర అడుగుకు పట్టేది గంటా ఇరవై నిమిషాలే. లంక గ్రామాల ప్రజలు 3 గంటల 20 నిమిషాలకే సిద్ధం కావలెను. రెండు వాలులు సమానం కానందున ఆ మూడు బిందువులు సరేఖీయాలు కావు. కనుక ప్రతి కొత్త కొలతతోను వాలును తిరిగి లెక్కించవలసి ఉంటుంది.