ఫెజంట్ ఎవరిది? - ఇంగ్లండు వేట చట్టాల కథ

మా తాత ఈ ఏడు చేనులో చెనక్కాయ వేశారు. పొద్దు పొడవక ముందే నెమళ్ళు గుంపుగా దిగి, కాళ్ళతో మట్టి గీకి కాయలు తింటాయి. సెలవు రోజుల్లో వాటిని తోలడం నా పని. డబ్బా కొడితే ఎగిరి పక్క చేనులో వాలతాయి. నేను ఇంటికి పోగానే మళ్ళీ వచ్చేస్తాయి. ఒకరోజు విసుగొచ్చి "వీటిని పట్టుకుంటే ఏమవుతుంది తాతా?" అని అడిగాను. "జైలవుతుంది" అన్నారు తాత.

ఒక పక్షి కోసం మనిషిని జైల్లో పెట్టడం ఎక్కడ మొదలయింది? మా సోషల్ సారుని అడిగితే ఆయన నవ్వి, "ముందు నెమలికి చుట్టమైన ఇంకో పక్షి సంగతి చదువు. అప్పుడు నీకే తెలుస్తుంది" అన్నారు. ఆ పక్షి పేరు ఫెజంట్. చదివిన తరువాత తెలిసిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

ఫెజంట్, నెమలి, అడవికోడి, కౌజు పిట్ట, మన ఇంటి కోడి అన్నీ ఒకే కుటుంబానికి చెందిన పక్షులు. ఫెజంట్ పుంజు రాగి రంగులో మెరుస్తుంది. తల ఆకుపచ్చగా, కళ్ళ చుట్టూ ఎర్రగా, తోక పొడవుగా ఉంటుంది. పెట్ట మాత్రం మట్టి రంగులో ఉంటుంది, గడ్డిలో కూర్చుంటే కనిపించదు. దీని సొంత ఊరు ఇంగ్లండు కాదు. నల్ల సముద్రం దగ్గర నుంచి చైనా వరకు ఉన్న ఆసియా ప్రాంతాలు దీనివి. ఇప్పటి జార్జియా దేశంలోని ఒక నదిని పాతకాలపు గ్రీకులు ఫేసిస్ అనేవారు. ఆ నది పేరు మీదనే ఈ పక్షికి పేరు వచ్చింది. అంటే ఎక్కడి నుంచో తెచ్చి ఇంగ్లండులో వదిలిన పక్షి ఇది. అలాంటి పక్షి కోసం ఆ దేశంలో మనుషులు జైలుకు పోయారు, సముద్రాలు దాటి శిక్ష అనుభవించారు.

1671లో రెండో చార్లెస్ రాజు కాలంలో ఒక చట్టం వచ్చింది. ఏడాదికి 100 పౌండ్ల ఆదాయం ఇచ్చే సొంత భూమి ఉన్నవాళ్ళు, ఇంకా కొందరు పెద్ద కుటుంబాల వాళ్ళు మాత్రమే వేటాడవచ్చు అని ఆ చట్టం చెప్పింది. ఆ రోజుల్లో జిల్లా ఎన్నికల్లో ఓటు వేయాలంటే ఏడాదికి 40 షిల్లింగులు, అంటే 2 పౌండ్ల ఆదాయం ఇచ్చే సొంత భూమి ఉంటే చాలు. లెక్క వేసి చూశాను. పార్లమెంటు సభ్యుణ్ణి ఎన్నుకోవడానికి కావలసిన దానికి 50 రెట్లు ఆస్తి ఉంటే గాని ఒక ఫెజంటును కొట్టడానికి లేదు! చిన్న రైతు తన సొంత పొలంలో వాలిన ఫెజంటును కూడా ముట్టకూడదు. భూస్వామి పెట్టిన గేమ్‌కీపర్ అనే కాపలాదారు పేదవాళ్ళ ఇళ్ళు వెతికి వలలు, తుపాకులు, వేటకుక్కలు పట్టుకుపోవచ్చు.

తరువాత వంద సంవత్సరాలకు పల్లెల్లో పరిస్థితి ఇంకా కష్టమయింది. ఊరందరూ పశువులు మేపుకొని, కట్టెలు ఏరుకొనే ఉమ్మడి భూములకు కంచెలు వేసి సొంతం చేసుకున్నారు. 1815లో నెపోలియన్‌తో యుద్ధం అయిపోయాక పనులు లేవు, కూలి తక్కువ. ఆకలితో ఉన్నవాడికి కంచె అవతల లావుగా, మెల్లగా నడిచే ఫెజంట్ కనిపిస్తే ఏం చేస్తాడు? రాత్రి పూట పోయి పట్టుకుంటాడు. కొంత ఇంట్లో వండుకుంటాడు, కొంత దొంగతనంగా అమ్ముకుంటాడు. వేట పక్షులను అమ్మడం నేరమే. కానీ లండన్ పట్నంలో డబ్బున్నవాళ్ళ విందుల్లో ఫెజంట్ మాంసం ఉండేది. కొనేవాళ్ళు ఉన్నారు కాబట్టే అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు.

దీన్ని ఆపడానికి భూస్వాములు అడవుల్లో తుపాకి ఉచ్చులు పెట్టించారు. పొదలో తుపాకి దాచి, దాని మీటకు తీగ కట్టి దారికి అడ్డంగా లాగుతారు. ఎవరి కాలు తగిలినా పేలుతుంది. తీగకు దొంగ ఎవరో, పుట్టగొడుగులు ఏరుకొనే పిల్లవాడు ఎవరో తెలియదు కదా. 1827లో పార్లమెంటు ఈ ఉచ్చులను నిషేధించింది. కానీ మరుసటి సంవత్సరమే, 1828లో, రాత్రి వేట మీద గట్టి చట్టం వచ్చింది. మూడోసారి దొరికినవాణ్ణి 7 ఏళ్ళు దేశాంతరం పంపవచ్చు. ముగ్గురు లేక అంతకంటే ఎక్కువమంది కలిసి పోయి, వాళ్ళలో ఒక్కడి దగ్గర ఆయుధం ఉన్నా 14 ఏళ్ళ వరకు పంపవచ్చు. దేశాంతరం అంటే ఓడలో ఆస్ట్రేలియా, టాస్మేనియా వైపు పంపడం. తిరిగి రావడానికి ఓడ చార్జీ ఎవరిస్తారు? చాలామంది మళ్ళీ ఊరి ముఖం చూడలేదు. ఇంకో సంగతి ఏమంటే, ఇలాంటి కేసులు విచారించే ఊరి మేజిస్ట్రేటులు కూడా చాలాచోట్ల ఆ భూస్వాములే.

1831లో కొత్త చట్టం వచ్చింది. 100 పౌండ్ల నియమం పోయింది. లైసెన్సు కొన్నవాళ్ళు ఎవరైనా వేటాడవచ్చు, లైసెన్సు ఉన్న వ్యాపారి అమ్మవచ్చు. ఫెజంట్ వేటకు అక్టోబరు 1 నుంచి ఫిబ్రవరి 1 వరకు అని కాలం పెట్టారు. ఆ తేదీలు ఇప్పటికీ అవే. కానీ వేటాడాలంటే భూమి యజమాని ఒప్పుకోవాలి. కౌలు రైతులకు భూమి ఇచ్చేటప్పుడు వేట హక్కు మాత్రం యజమానులు తమ దగ్గరే పెట్టుకొనేవారు. 1880లో ఇంకో చట్టం చేసి, పంట తినే కుందేళ్ళను కౌలు రైతు చంపుకోవచ్చు అన్నారు. అందులో ఫెజంట్ మాత్రం లేదు.

ఎందుకంటే అప్పటికి ఫెజంట్ వేట పెద్ద ఆట అయిపోయింది. గేమ్‌కీపర్లు ఫెజంట్ గుడ్లు ఏరి తెచ్చి ఊరి కోడిపెట్టల కింద పెట్టి పొదిగించేవారు. మా అవ్వ కూడా బాతు గుడ్లను కోడి కింద పెడుతుంది, అలాగే అన్నమాట. పిల్లలకు మేత వేసి పెంచి, పెద్దయ్యాక అడవిలో వదిలేవారు. వేట రోజున ఊరి మగవాళ్ళు, పిల్లలు కూలికి వచ్చి వరుసగా నిలబడి, కట్టెలతో చెట్లు కొడుతూ పక్షులను తోలేవారు. అవి పైకి ఎగిరి అవతల నిలబడిన దొరల తల మీదుగా పోతాయి. దొరలు కాలుస్తారు. ఒక తుపాకి కాల్చేలోపల పక్కన ఉన్న మనిషి ఇంకో తుపాకి నింపి ఇస్తాడు.

1913 డిసెంబరు 18న బకింగ్‌హామ్‌షైర్‌లోని హాల్ బార్న్ అనే ఎస్టేటులో ఏడుగురు కలిసి ఒక్క రోజులో 3,937 ఫెజంట్లను కాల్చారు. ఆ ఏడుగురిలో ఐదో జార్జి చక్రవర్తి ఒకరు. 1911లో ఢిల్లీ దర్బారుకు వచ్చి, ఆ తరువాత నేపాల్ అడవుల్లో పులుల వేటకు పోయిన చక్రవర్తి ఆయనే. హాల్ బార్న్‌లో ఆయన ఒక్కడే వెయ్యికి పైగా పక్షులను కొట్టాడు. ఇంటికి పోతూ, ఈ రోజు కొంచెం హద్దు దాటామేమో అని తనతో అన్నాడని ఆయన కొడుకు తరువాత తన జ్ఞాపకాల్లో రాశాడు. ఎనిమిది నెలలు తిరగకముందే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆ పక్షులను తోలిన ఊళ్ళలాంటి ఊళ్ళ నుంచే యువకులు యుద్ధానికి పోయారు.

ఇది చదివి వినిపిస్తే మా తాత అన్నారు: "చూడు నాయనా, లేనివాడు ఒకటి పడితే దొంగతనం, ఉన్నవాడు వెయ్యి కాలిస్తే ఆట."

ఈ ఆలోచన ఇంగ్లండులోనే ఆగలేదు. మన రాష్ట్రంలోని నీలగిరికి కూడా వచ్చింది. వేట అంటే ఇష్టమున్న తెల్లదొరలు 1877లో అక్కడ ఒక వేట సంఘం పెట్టారు. 1879లో మద్రాసు ప్రభుత్వం నీలగిరి జిల్లాకు వేట జంతువుల చట్టం చేసింది. అడవికోడి, నెమలి కూడా దాని కిందికి వచ్చాయి. జంతువులు అయిపోతే వేట కూడా అయిపోతుందని వాళ్ళ భయం. కానీ ఆ సంఘమే ఇప్పుడు పేరు మార్చుకొని వన్యప్రాణుల రక్షణ కోసం పని చేస్తోంది. ఇది నాకు బాగా నచ్చింది.

నెమలి 1963లో మన జాతీయ పక్షి అయింది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో దానికి మొదటి షెడ్యూలులో చోటు ఇచ్చారు. ఇప్పుడు దాన్ని చంపితే 3 నుంచి 7 ఏళ్ళ జైలు. మొదట నేను, ఇంగ్లండు చట్టం, మన చట్టం ఒకటే కదా, రెండూ రైతు చేతులు కట్టేవే కదా అనుకున్నాను. తరువాత ఆలోచిస్తే తేడా తెలిసింది. అక్కడ అక్టోబరు 1న దొర కాల్చడానికి పక్షిని కాపాడారు. ఇక్కడ పక్షి బతకడానికి పక్షిని కాపాడుతున్నారు. కలెక్టరు అయినా, మంత్రి అయినా, మా తాత అయినా నెమలిని ముట్టకూడదు. చట్టం అందరికీ ఒకటే. అందుకే మా తాత విసుక్కుంటారే గాని ఆ చట్టం తప్పు అనరు.

కానీ ఒక్క విషయం మాత్రం రెండు చోట్లా ఒకేలా ఉంది. పక్షి తినేది రైతు పంటనే. నెమలి దేశమందరిదీ అయితే, అది తిన్న చెనక్కాయల నష్టం మా తాత ఒక్కరిదే ఎలా అవుతుంది? అది కూడా అందరూ పంచుకోవాలి కదా. చట్టం చేసే పెద్దలు దీని గురించి ఆలోచించాలని నా కోరిక.

రేపు ఆదివారం. నేను మళ్ళీ డబ్బా పట్టుకొని చేనుకు పోవాలి.